లూజు కాంటాక్టు

పూర్తిగా చెడిపోయిన వస్తువుతో నాకు పేచీ లేదు. తిరగని ఫ్యాను, పలకని రేడియో తమ సంగతి దాచుకోవు. బాగు చేయిస్తే చేయిస్తాం, లేదంటే పాతసామాన్ల వాడికి వేసేస్తాం. తంటా అంతా సగం పనిచేసే వాటితోనే. మెకానిక్ ముందు బుద్ధిగా తిరిగి, అతను వీధి మలుపు దాటగానే మొరాయించేవి. రెండు చరుపులు చరిస్తే పలికేవి. ఫలానా వైపు వంచి పట్టుకుంటేనే వెలిగేవి. ప్రతి ఇంట్లోనూ ఇలాంటివి కొన్ని ఉంటాయి. వాటిని నడిపే మంత్రం ఇంటివాళ్లకే తెలుసు. చుట్టాలొస్తే ముందు మంచినీళ్లు, ఆ తర్వాత సూచనలు: "ఆ స్విచ్చు కాస్త పైకి నొక్కిపట్టి వెయ్యండి అన్నయ్యగారూ, ఊరికే వేస్తే పడదు."

దీనంతటికీ మనవాళ్లు చెప్పే రోగం ఒక్కటే, లూజు కాంటాక్టు. ఆ మాట అన్నాక ఇక ఎవరూ ఏమీ చేయరు. వస్తోంది, పోతోంది, ఇంకా పూర్తిగా పోలేదు కదా అని ఊరుకుంటారు.

ఈ జబ్బును తీరుబడిగా పరిశీలించాలంటే ఎలక్ట్రిక్ గిటారంత మంచి రోగి దొరకదు. మామూలు గిటారు బోలుగా ఉంటుంది, తీగ మీటితే పెట్టె మోగుతుంది. ఎలక్ట్రిక్ గిటారు చాలావరకు గట్టి చెక్క. వైరు పెట్టకుండా వాయిస్తే పక్కగదిలోకి కూడా వినపడదు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ 0.06 మిల్లీమీటర్ల మందంలో రాగి తీగ, ఏడెనిమిది వేల చుట్లు. పైన ఉక్కు తీగ కంపించినప్పుడల్లా ఆ చుట్టలో కాస్త విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. పుట్టేది సాధారణంగా వోల్టులో కొంత భాగం. ఆ పిసరంత విద్యుత్తు వాల్యూమ్, టోన్ నాబులు దాటుకుని, గిటారు అంచున ఉన్న ఒక రంధ్రం దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి వైరు, వైరు నుంచి యాంప్లిఫయరు, అక్కణ్ణుంచి ఊరంతా.

గిటారు వాళ్లు చెక్క గురించి రాత్రంతా వాదించుకుంటారు. మహాగనీ గొప్పదా, ఆల్డర్ గొప్పదా, అయస్కాంతం ఆల్నికో ఉండాలా, సిరామిక్ చాలా అని. ఆ రంధ్రం గురించి వాదించుకున్న వాళ్లను మాత్రం నేను చూడలేదు. దానిలో ఉండేది అవుట్‌పుట్ జాక్. మన బజార్లలో దీని జతను పీ-38 అంటారు, పిన్ను పీ-38, సాకెట్టు పీ-38. మైక్ సెట్ల వాళ్లకు కొట్టిన పిండి. పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల పిన్ను లోపలికి వెళ్లగానే దాని కొన ఒక వంపు తిరిగిన రేకుకు తగులుతుంది, పిన్ను ఒళ్లు చుట్టూ ఉన్న గొట్టానికి తగులుతుంది. కొన మీదుగా పాట, ఒంటి మీదుగా ఎర్తు. ఉన్నవి రెండే స్పర్శలు. ఈ మొత్తాన్ని గిటారుకు పట్టి ఉంచేది బయట ఉన్న ఒకే ఒక్క నట్టు.

ఆ నట్టు వదులవుతుంది. ఎందుకు వదులవుతుందని అడగడం కంటే, ఎందుకు వదులవకుండా ఉంటుందని అడగడం న్యాయం. ఈ పిన్ను వంశం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలది. 19వ శతాబ్దం చివర, ఒకరి లైను మరొకరికి కలపడానికి బోర్డు ముందు కూర్చున్న ఆపరేటర్ల చేతుల్లో పెరిగింది. మనలో కొంచెం వయసు మళ్లిన వాళ్లకు ట్రంక్ కాల్ బుక్ చేసుకుని గంటలు గంటలు కాచుకున్న రోజులు గుర్తుండే ఉంటాయి. అవతల ఎక్కడో ఒక ఆపరేటరు ఇలాంటి పిన్నే తీసి ఇలాంటి రంధ్రంలోనే గుచ్చితే మనకు అమ్మ గొంతు వినపడేది. ఆ పనికి ఈ పిన్ను అద్భుతమైనది. బోర్డు కదలదు, కుర్చీ కదలదు. పిన్ను తిన్నగా వెళుతుంది, తిన్నగా వస్తుంది. రోజంతా గుచ్చి తీసినా మాట తప్పదు. దాన్ని తెచ్చి గిటారు వాళ్లు నడుముకు కట్టుకున్నారు. గెంతుతారు, మోకాళ్ల మీద జారతారు, పక్కవాడు వైరు తొక్కుతాడు. బరువంతా పక్కనుంచి లాగుతూ ఉంటుంది. కూర్చుని చేసే ఉద్యోగానికి తయారైన వాణ్ణి తెచ్చి గంతులేసే కొలువులో పెట్టి, నిలకడ లేదని తిడితే ఎలా?

గిటార్లు తయారుచేసిన వాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. ఒక్కొక్కరు ఒక్కో దారి వెతికారు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు, చివరిదాకా నేర్చుకోలేదు కూడా. అయితే చెడిపోయిన వస్తువులు బల్ల మీదికి ఎలా వస్తాయో, వాటిని విప్పేటప్పుడు ఎక్కడ చేయి దూరదో ఆయనకు బాగా తెలుసు. మెడను జిగురుతో అతికించకుండా మరలతో బిగించింది అందుకే, పాడైతే విప్పి మార్చుకోవచ్చని. 1950ల మొదట్లో వచ్చిన ఆయన టెలికాస్టర్‌లో జాక్ పక్క అంచున ఒక చిన్న లోహపు గిన్నెలో కూర్చుంటుంది. ఆ గిన్నెను పట్టుకునేది చెక్కలోకి కరుచుకున్న ఒక రేకు. కొన్నేళ్లకు చెక్క పట్టు వదిలేస్తే గిన్నెతో సహా వైరు చేతికొస్తుంది. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో ఆ పొరపాటు దిద్దుకున్నాడు. ముందు వైపు దోనె ఆకారంలో ఒక రేకు, అందులో ఏటవాలుగా జాక్. రెండు మరలు విప్పితే చాలు, రేకు, జాక్, దాని వెనక రెండు వైర్లు ఒక్కసారే బయటికొస్తాయి. ఇందులో నా ఓటు స్ట్రాటోకాస్టర్‌కే. అందానికి కాదు, రెండు మరలకు.

గిబ్సన్ వాళ్ల లెస్ పాల్‌కు, అది 1952ది, పక్క అంచున నలుచదరపు పలక, నాలుగు మూలలా నాలుగు మరలు. ఆ పలకను చాలా గిటార్లకు ప్లాస్టిక్‌తో చేశారు. వైరు మీద ఎవరి కాలైనా పడితే అది నిలువునా పగులుతుంది. తెలిసినవాళ్లు కొనగానే దాన్ని తీసి లోహపు పలక వేసుకుంటారు. ఇక 1958లో వచ్చిన ఈఎస్-335 సంగతి వేరు. అది సగం బోలు గిటారు. జాక్ పైచెక్కకే బిగించి ఉంటుంది, వెనక మూత లేదు. నట్టు ఊడిందంటే జాక్ కాస్తా పెట్టె లోపల పడిపోతుంది. నూతిలో పడ్డ చేదను పాతాళగరిగె వేసి వెతికినట్టు, ఎఫ్ ఆకారపు సందులోంచి దారం, సన్నటి తీగ పంపి దాన్ని మళ్లీ రంధ్రం దగ్గరికి లాక్కోవాలి. ఆ పని చేసేటప్పుడు మనిషికి తన సహనం ఎంతో తెలుస్తుంది. సాధారణంగా అనుకున్నంత ఉండదు.

మా మేనల్లుడు ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాడు. కోస్తాలో ఈ వాద్యానికి అసలు ఇల్లు చర్చే. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కూడా ఉంటుంది కానీ, వారం వారం తప్పకుండా చేతపట్టే కుర్రాళ్లు ఎక్కువగా చర్చి బృందాల్లోనే కనపడతారు. వాడిది స్ట్రాటోకాస్టర్ అచ్చులో తయారైన చవక గిటారు. తెచ్చి బల్ల మీద పెట్టి, "పాడవలేదు మామయ్యా, వైరు ఇలా పైకి పట్టుకుంటే వస్తుంది. ఊరికే చూడమని" అన్నాడు. చూస్తే జాక్ చుట్టూ ఇన్సులేషన్ టేపు, దాని మీద ఇంకో టేపు. వైరును భుజం పట్టీ మీదుగా మెలితిప్పి దారంతో కట్టాడు. వైరును పట్టీకి గిటారుకి మధ్య నుంచి తేవడం మంచి అలవాటే, ఎవరైనా తొక్కితే లాగుడు పట్టీ మీద పడుతుంది కానీ జాక్ మీద పడదు. దారం మాత్రం వాడి సొంత వైద్యం. అడిగితే మిగతాది చెప్పాడు. ఎడమ కాలు ముందుకు వేసి నిలబడాలి. కుడి వైపు తిరగకూడదు. పాట మధ్యలో శబ్దం పోతే తొడతో వైరును కొంచెం నెట్టాలి. పాట ఒక చేత్తో, జాక్ సేవ ఒక కాలితో.

నేను వాణ్ణి మెచ్చుకున్నాననే చెప్పాలి. ఇంత సూక్ష్మంగా ఒక లోపాన్ని చదివినవాడు అదే శ్రద్ధ స్కేళ్ల మీద పెడితే ఎక్కడో ఉండేవాడు. మనం దేనితోనైనా సర్దుకుపోతే ఆ సర్దుబాటు మెల్లగా ఒక విద్య అయిపోతుంది. అందులో కాస్త గర్వం కూడా చేరుతుంది. వేరేవాళ్ల చేతిలో పలకని వస్తువు మన చేతిలో పలుకుతుందంటే సరదాగానే ఉంటుంది మరి. ఆ సరదా కోసం నట్టు లోపల ఏం జరుగుతోందో చూడం.

జరిగేది ఇది. నట్టు వదులైనప్పుడల్లా కుర్రాడు ప్లయరుతో పట్టి బయటినుంచి బిగించాడు. బయట నట్టు తిరిగితే, లోపల పట్టుకునేవాళ్లు లేక జాక్ కూడా దాంతోపాటే తిరుగుతుంది. జాక్‌కు రెండు వైర్లు అతికి ఉన్నాయి. అవి మెలిపడతాయి. బిగించిన ప్రతిసారీ ఇంకో మెలిక. బయటికి నట్టు గట్టిగా కనపడుతుంది, లోపల అతుకు ఒక్కో పోగూ తెంపుకుంటూ ఉంటుంది. నిజానికి వదులైన నట్టు వల్ల పోయే గిటార్లు తక్కువ. బిగించడం వల్ల పోయేవే ఎక్కువ. ఇళ్లలో, ఆఫీసుల్లో క్రమశిక్షణ పేరుతో జరిగే బిగింపులు చాలావరకు ఈ బాపతే అని నా అనుమానం. లోపల ఒక చేయి వేసి పట్టుకునేవాడు లేకుండా బయట పానా తిప్పేస్తారు. కొన్నాళ్లకు మనిషి మౌనంగా అయిపోతే, బిగించాక కుదురుకున్నాడని సంతోషిస్తారు.

ఏ వైరు తెగిందో విప్పకముందే చెవితో చెప్పవచ్చు. కొన వైరు తెగితే పాట ఆగిపోతుంది, మరీ హోరు లేకుండా. ఎర్తు వైరు తెగితే గుర్రుమని హోరు లేస్తుంది. అది గోడలోని కరెంటు గొంతు. మన దేశంలో సెకనుకు 50 సార్లు కదిలే కరెంటు కాబట్టి ఆ గుర్రు దాదాపు జి స్వరానికి దగ్గర పడుతుంది. అమెరికాలో 60 కాబట్టి బీకీ బీ ఫ్లాట్‌కీ మధ్య ఎటూ కాకుండా వేలాడుతుంది. జిలో పాడే బృందానికి మనదేశంలో ఒక శ్రుతిపెట్టె ఉచితం అన్నమాట. మావాడి గిటారు గరగరమని, మధ్యమధ్య గుర్రుమంటోంది. ఎర్తు వైరు నాలుగైదు పోగుల మీద వేలాడుతోందని అర్థం.

విప్పాం. అనుకున్నట్టే ఉంది. ఇంకో సంగతి కూడా. దోనె రేకుకి జాక్‌కి మధ్య ఉండాల్సిన పళ్ల వాషర్ లేదు. నక్షత్రంలా చుట్టూ పళ్లుండే ఆ వాషరే జాక్‌ను తిరగకుండా కరిచిపట్టేది. చిల్లర డబ్బులకు దొరికే వస్తువు. ఫ్యాక్టరీలోనే వేయలేదో, ఎప్పుడైనా విప్పినప్పుడు కింద పడిపోయిందో. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళితే ఇలాంటివి గుప్పెళ్లతో ఇస్తారు. నా డబ్బాలో పాతది ఒకటి ఉంది, సరిపోయింది.

సోల్డరింగ్ విషయంలో మాత్రం తొందర పనికిరాదు. చాలామంది వేడి ఐరన్ మీద లెడ్డు కరిగించి, ఆ బొట్టును తెచ్చి వైరు మీద పూస్తారు. అది పట్టుకున్నట్టే ఉంటుంది, పట్టుకోదు. ముందు జాక్ కాలును, వైరును వేడి చేయాలి, అప్పుడు ఐరన్‌కు కాదు, ఆ వేడెక్కిన లోహానికి లెడ్డు తాకించాలి. అరవైమూడు పాళ్లు తగరం, ముప్ఫైఏడు పాళ్లు సీసం కలిసిన లెడ్డు 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా నీరవుతుంది. సరిగ్గా పట్టితే అంచులు పల్చగా పాకి మెరుస్తుంది. మసకగా, గరుకుగా, ముద్దగా నిలబడితే అది చల్లటి అతుకు. అదొక కొత్త లూజు కాంటాక్టు, మన చేతులతో మనమే తయారుచేసింది. మేనల్లుణ్ణే చేయమన్నాను. మొదటిది ముద్దగా వచ్చింది. "ఉండిపోతుందిలే మామయ్యా" అన్నాడు. "ఒరేయ్, ఉండిపోయేదాని కోసమే కదా ఇంతసేపు కూర్చున్నాం" అని తీయించాను.

తర్వాత పిన్ను కొనకు తగిలే రేకును వేలితో కొంచెం లోపలికి వంచాం, మరీ ఎక్కువ కాకుండా. వాషర్ వేసి, జాక్‌ను వెనక నుంచి వాడు గట్టిగా పట్టుకుంటే, ముందు నుంచి నేను పానా తిప్పాను. అమెరికాలో తయారైన గిటార్లకు అర అంగుళం పానా కావాలి. ఇటువైపు దేశాల చవక గిటార్లలో చాలావాటికి నట్టు మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది. ప్లయరుతో పడితే నట్టు మూలలు అరిగిపోయి, రేకు మీద గీతలు పడతాయి. వాడి గిటారు మీద అప్పటికే పడి ఉన్నాయి.

సర్దుకుపోవడం గురించి నవ్వుతూ రాస్తున్నాను కానీ, ఒకచోట నాకు నవ్వు రాదు. గిటారు తీగలు బ్రిడ్జి ద్వారా ఆ ఎర్తు వైరుకే కలిసి ఉంటాయి. చేత్తో తీగలు పట్టుకోగానే హోరు తగ్గేది అందుకే. అంటే వాయించేవాడి వేళ్ల నుంచి జాక్ మీదుగా, వైరు మీదుగా యాంప్లిఫయరు ఇనుప పెట్టె దాకా ఒకటే దారి. ఆ పెట్టెకు, చేయి తగిలే మైకులాంటి మిగతా వాటికి కూడా నిజమైన ఎర్తింగ్ ఉన్నంతకాలం భయం తక్కువ. మన పందిళ్లలో మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చిన ప్లగ్గులు ఎన్ని చూడలేదు? "అప్పుడప్పుడూ కొంచెం జివ్వుమంటుంది, ఏం కాదు" అనే మాట ఎన్నిసార్లు వినలేదు? 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ, చేతిలో గిటారు ఉండగా ఎర్తింగ్ లేని మైకును ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. అందుకని జివ్వుమనేదానితో సర్దుకోవద్దని మేనల్లుడికి గట్టిగా చెప్పాను. జాక్ నేను చూస్తాను, చర్చిలో ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ చేత చూపించమన్నాను. మరో మాట, వాల్వులున్న పాత యాంప్లిఫయర్లను, స్విచ్ తీసేసినా సరే, మనలాంటి వాళ్లం విప్పకూడదు. కెపాసిటర్లలో వందల వోల్టులు నిద్రపోతూ ఉంటాయి.

జాక్ ఇంత ముఖ్యమా అనిపించినప్పుడు నేను పాలకొల్లును తలుచుకుంటాను. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాడని అందరికీ తెలుసు. అది జంట తీగల బోలు మాండొలిన్ కాదు, ఎలక్ట్రిక్ మాండొలిన్, ఐదు ఒంటి తీగలు. మామూలు మాండొలిన్‌లో స్వరం మీటగానే చచ్చిపోతుంది, అందుకే దాన్ని గబగబా మీటుతూ ఉంటారు. గమకానికి అది చాలదు. స్వరం నిలబడాలి, ఊగాలి, పై స్వరం దాకా జారి వెనక్కి రావాలి. ఆ నిలకడ ఇచ్చిన వాటిలో ఒంటి తీగలతో పాటు విద్యుత్తు కూడా ఉంది. విద్యుత్తు బయటికి రావడానికి ఉన్న దారి వైరు తగిలే ఆ చిన్న చోటే. రాక్ బృందంలో ఒక గరగర డ్రమ్ముల కింద కలిసిపోతుంది. సభలో ఆలాపన సాగుతుండగా, తంబూరా తప్ప మరో శబ్దం లేని చోట, అదే గరగర ఎలా ఉంటుందో ఊహించుకోండి. నట్టు బిగువు మీద సంగీతం ఆధారపడుతుందంటే పండితులకు చిన్నతనంగా ఉండవచ్చు. నాకైతే ఆ సంగతి భలే నచ్చుతుంది.

మావాడు గిటారు తీసుకెళ్లి రెండు ఆదివారాలు వాయించి మళ్లీ వచ్చాడు. జాక్ బాగానే ఉంది, వైరు ఎటు లాగినా పలుకు పోవడం లేదట. మనిషి మాత్రం అంత హుషారుగా లేడు. కాఫీ తాగుతూ అసలు సంగతి బయటపెట్టాడు. "ఇదివరకు ఎక్కడైనా తప్పు పడితే వైరు పోయిందని అందరూ అనుకునేవారు మామయ్యా. ఇప్పుడు ప్రతిదీ వినపడుతోంది. బార్ కార్డు మార్చేటప్పుడు నా వేలు సరిగ్గా పడడం లేదని పాస్టరుగారి అమ్మాయి కూడా చెప్పింది."

ఇంతకాలం ఆ లూజు కాంటాక్టు వాడికి ఎంత ఉపకారం చేసిందో అప్పుడు తెలిసింది. మన ఇళ్లలో చరిచి వాడే వస్తువులన్నీ ఎందుకు ఏళ్ల తరబడి బతుకుతాయో కూడా కొంత తెలిసింది. ఫోను సరిగ్గా వినపడదు కాబట్టే కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పనక్కర్లేదు. గడియారం అప్పుడప్పుడూ ఆగుతుంది కాబట్టే ఆలస్యం మన తప్పు కాదు. పూర్తిగా పోతే కొత్తది కొనాలి, పూర్తిగా బాగైతే మనమే బాధ్యులం. మధ్యలో ఉన్న చోటు హాయిగా ఉంటుంది.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "మా బేసు వాయించే అన్నయ్యది కూడా ఇదే గొడవ మామయ్యా. జాక్ సందులో కాగితం మడిచి పెట్టుకుంటాడు. తీసుకురమ్మంటావా?"

"తీసుకురా. ముందు ఆయన్ని అడుగు, బాగు చేయించుకోవడం ఇష్టమేనా అని."